సంఘం ఎవరిది? గద్దె ఎవరిది?

2025 జూన్‌లో బడులు తెరిచిన వారంలో కోరుట్లలో నా తరగతిలో ఒక అమ్మాయి ఒక ప్రశ్న అడిగింది. ఆ వేసవి సెలవుల్లోనే, మే 8న, రోములో కొత్త పోప్‌ను ఎన్నుకున్నారు. ఓటు వేసిన 133 మంది కార్డినళ్ళలో హైదరాబాదు ఆర్చిబిషప్పు పూల ఆంథోని ఒకరు. 2022 ఆగస్టులో ఆయన కార్డినల్ అయినప్పుడు, తెలుగువాళ్ళలో మొదటివాడనీ దళితుల్లో మొదటివాడనీ పత్రికలు రాశాయి. ఆ సంగతులన్నీ విని ఉన్న ఆ అమ్మాయి లేచి నిలబడి, "సార్, పోప్‌ను కార్డినళ్ళు ఎన్నుకుంటరు. కార్డినళ్ళను పోపే పెట్టుకుంటడు. మరి మా నాయినకు ఓటెక్కడిది?" అంది. వాళ్ళ నాయిన సిరిసిల్లలో సాంచాల మీద పనిచేస్తాడు. ఆదివారం చర్చికి పోతాడు. ఈ అమ్మాయి కోరుట్లలో అమ్మమ్మ ఇంట్లో ఉండి చదువుకుంటున్నది.

తరగతి అంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. "ఒకప్పుడు మీ నాయిన లాంటివాళ్ళే ఎన్నుకునేవాళ్ళమ్మా" అన్నాను. "మరి ఎప్పుడు పోయింది సార్?" అని మళ్ళీ అడిగింది. ఆ రెండో ప్రశ్నకు ఆ రోజు నా దగ్గర జవాబు లేదు.

జగిత్యాలలో మేం కొందరం కలుసుకునే సాహిత్య సమావేశంలో ఈ మాట చెబితే ఒక మిత్రుడు "ఏసు ముచ్చట, పోప్ ముచ్చట మనకెందుకు?" అన్నాడు. ఆ మిత్రుడికి కూడా ఈ వ్యాసం సమాధానం కావాలని నా కోరిక. నేను విశ్వాసాన్ని చర్చించడం లేదు. ఒక సంస్థలో అధికారం ఎక్కడ పుట్టి ఎటు పోయిందో మాత్రమే చూస్తున్నాను. 1978 సెప్టెంబర్ 7న రైతుకూలీలు జగిత్యాలలో వేల సంఖ్యలో ఊరేగింపు తీసిన నేల ఇది. ఆ అక్టోబరులోనే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. దొర అధికారం దొరకు ఎవరిచ్చారు అని అడిగిన ప్రాంతంలో, బిషప్పు అధికారం బిషప్పుకు ఎవరిచ్చారు అని ఒక పిల్ల అడిగితే అది మనకు పట్టని ప్రశ్న ఎట్లా అవుతుంది?

పెద్దలు, అధ్యక్షులు, నాయన

నేను తెలుగు పంతుల్ని కాబట్టి మాటలతోనే మొదలుపెడతాను. 'బిషప్' అనే మాటకు మూలం గ్రీకు 'ఎపిస్కొపొస్'. పైనుండి చూసుకునేవాడు, అంటే పర్యవేక్షకుడు అని అర్థం. తెలుగు బైబిలు దాన్ని 'అధ్యక్షుడు' అన్నది. 'ప్రెస్బితెరొస్' అనే ఇంకో మాటను 'పెద్ద' అన్నది. అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయం తీసి చూడండి. పౌలు ఎఫెసు సంఘపు పెద్దలను పిలిపిస్తాడు. కొన్ని వచనాల తర్వాత అదే మనుషులను అధ్యక్షులు అంటాడు. అంటే మొదట్లో పెద్ద వేరు, బిషప్పు వేరు కాదు. ఒక ఊరి సంఘానికి కొందరు పెద్దలుండేవారు. రెండో శతాబ్దంలో ఆ పెద్దల్లో ఒకడు మిగతావారికంటే పైమెట్టు ఎక్కాడు. బిషప్పు అనే మాట అతని ఒక్కడికే మిగిలింది.

'పోప్' మాట కథ ఇంకా విచిత్రం. 'పాపా' అంటే నాయన. మూడో శతాబ్దంలో ఇది రోము బిషప్పు సొంత బిరుదు కాదు. ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజి బిషప్పుకు రోములోని గురువులే ఉత్తరం రాస్తూ 'పాపా' అని సంబోధించారు. అందరు బిషప్పులకూ చెల్లిన పిలుపు ఒక్కడి బిరుదు కావడానికి శతాబ్దాలు పట్టింది. ఆ కాలంలో జరిగిన పోరాటమే మన విషయం.

254: దించిన సంఘం, ఎక్కించిన రోము

క్రీ.శ. 250లో డెసియస్ చక్రవర్తి, రోమన్ సామ్రాజ్యంలోని ప్రతివాడూ దేవతలకు బలి ఇచ్చి, ఇచ్చినట్టు పత్రం తీసుకోవాలని ఆజ్ఞ ఇచ్చాడు. కొందరు ఇవ్వమని జైలుకు పోయారు. కొందరు ఇచ్చారు. కొందరు ఇవ్వకుండానే అధికారులను మంచి చేసుకుని పత్రం సంపాదించారు. అట్లా పత్రాలు తీసుకున్నవాళ్ళలో స్పెయిన్ బిషప్పులు ఇద్దరున్నారు, బసిలిడీస్, మార్షియాలిస్ అని. వాళ్ళ సంఘాలు వాళ్ళను దించి వేరేవాళ్ళను ఎన్నుకున్నాయి.

బసిలిడీస్ ఊరుకోలేదు. రోముకు వెళ్ళాడు. అక్కడి బిషప్పు స్టీఫెన్‌కు తన మాట చెప్పుకుని, గద్దె తిరిగి ఇప్పించమన్నాడు. స్టీఫెన్ అతని పక్షాన నిలిచాడు. అప్పుడు స్పెయిన్ సంఘాలు కార్తేజికి మొరపెట్టుకున్నాయి. కార్తేజి బిషప్పు సిప్రియన్, మరో 36 మంది బిషప్పులు కలిసి 254 ప్రాంతంలో ఇచ్చిన జవాబు నేటికీ ఉన్నది. యోగ్యుడైన బిషప్పును ఎన్నుకునే అధికారం, అయోగ్యుణ్ణి నిరాకరించే అధికారం ముఖ్యంగా ప్రజలదేననీ, ఎన్నిక ప్రజల కళ్ళముందే జరగాలనీ దాని సారాంశం. దూరాన ఉన్న స్టీఫెన్ నిజం తెలియక మోసపోయాడని కూడా వాళ్ళు రాశారు.

ఆ వెంటనే ఇంకో తగాదా వచ్చింది. చీలిక వర్గాల దగ్గర బాప్తిస్మం పొంది తిరిగొచ్చినవాళ్ళకు మళ్ళీ బాప్తిస్మం ఇవ్వాలా అని. రోము వద్దన్నది. 256 సెప్టెంబర్ 1న కార్తేజిలో 87 మంది బిషప్పులు కూడి, ఇవ్వాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. మనలో ఎవడూ బిషప్పులకు బిషప్పునని చెప్పుకోడని సిప్రియన్ ఆ సభలో అన్న మాట ఎవరికి తగలాలో వాళ్ళకే తగిలింది. స్టీఫెన్ తనది పేతురు కూర్చున్న పీఠమని వాదించాడు. వాదం తేలకుండానే 257లో స్టీఫెన్ చనిపోయాడు. 258లో సిప్రియన్‌ను ప్రభుత్వం శిరచ్ఛేదం చేసింది.

ఇంతవరకు చదివితే సిప్రియన్ ప్రజాస్వామికవాది, స్టీఫెన్ నిరంకుశుడు అనిపిస్తుంది. చరిత్రను అంత తేలికగా పంచిపెట్టడానికి వీల్లేదు. ఇదే సిప్రియన్ 250లో అజ్ఞాతంలో ఉండగా, కార్తేజి జైలులో హింసలు పడుతున్న సామాన్య విశ్వాసులు, బలి ఇచ్చి పశ్చాత్తాపపడినవాళ్ళను క్షమించమని చీటీలు రాసి ఇస్తూ వచ్చారు. జైలు వాళ్ళకు ఇచ్చిన నైతిక అధికారం అది. సిప్రియన్ దాన్ని ఒప్పుకోలేదు. క్షమించే హక్కు బిషప్పులదే అన్నాడు. పైవాడి ముందు సమానత్వం అడిగినవాడే కిందివాడి ముందు హోదా చూపించాడు. బిషప్పులకు రోముతో ఉన్న వైరుధ్యం ఒకటి. సంఘానికి బిషప్పులతో ఉన్న వైరుధ్యం ఇంకొకటి. మొదటిదాన్నే చూసి రెండోదాన్ని మరిచిపోతే మనకు కథ సగమే తెలుస్తుంది.

ఆస్తి వచ్చిన తర్వాత

313లో కాన్‌స్టంటైన్ క్రైస్తవానికి స్వేచ్ఛ ఇచ్చాడు. జప్తు చేసిన ఆస్తులు తిరిగి ఇప్పించాడు. చనిపోయేవాళ్ళు వీలునామా ద్వారా చర్చికి ఆస్తి ఇవ్వవచ్చునని 321లో చట్టం చేశాడు. నిన్నటిదాకా బిషప్పు పదవి అంటే జైలుకు దగ్గరిదారి. ఇప్పుడది భూములకు, భవనాలకు, కోర్టు అధికారాలకు దారి అయింది. 366లో రోము బిషప్పు పదవికి డమాసస్, ఉర్సినస్ అనే ఇద్దరు పోటీపడితే, ఒక్కరోజే ఒక ప్రార్థనా మందిరంలో 137 శవాలు దొరికాయని ఆ కాలపు చరిత్రకారుడు అమ్మియానస్ రాశాడు. వేదాంతం కోసం ఇంతమంది చావలేదు. గద్దె చుట్టూ ఆస్తి చేరినందుకు చచ్చారు.

అయినా ఆఫ్రికా బిషప్పులు తలవంచలేదు. 418లో అపియారియస్ అనే గురువును అతని బిషప్పు వెలివేశాడు. అతను రోముకు అప్పీలు చేసుకున్నాడు. పోప్ జోసిమస్ ప్రతినిధులను పంపి, ఇట్లాంటి అప్పీళ్ళు వినే హక్కు నైసియా మహాసభ తీర్మానాల్లోనే తమకు ఉన్నదన్నాడు. ఆఫ్రికావాళ్ళు చేసిన పని నాకు చాలా నచ్చింది. కాన్‌స్టాంటినోపుల్‌కూ అలెగ్జాండ్రియాకూ రాసి అసలు ప్రతులు తెప్పించారు. వెతికారు. ఆ తీర్మానం నైసియాది కాదని తేలింది. అది 343 నాటి సార్డికా సభది. పాఠాంతరాలు పరిష్కరించే పండితుడి పద్ధతిలో, కాగితం చూపించి అధికారాన్ని ఎదిరించారు.

కాని ఇక్కడ కూడా ఒక్క క్షణం అపియారియస్ వైపు నిలబడి చూడండి. అతను మంచివాడేం కాదు, తర్వాత తన తప్పులు ఒప్పుకున్నాడు కూడా. అయినా దగ్గరి బిషప్పు కొట్టినప్పుడు కిందివాడు ఎక్కడికి పోవాలి? దూరాన ఉన్న ఇంకా పెద్ద గద్దె దగ్గరికే పోతాడు. ఊళ్ళో దొర మీద ఫిర్యాదుకు మనవాళ్ళు కరీంనగర్ కలెక్టరు దగ్గరికి నడిచినట్టు. రోము బలం రోములో మాత్రమే తయారుకాలేదు. ఊరూరా బిషప్పులు చేసిన అన్యాయాలలో కూడా అది తయారైంది. కింది సంఘానికి విచారించే హక్కు, దించే హక్కు లేనిచోట పై గద్దె పెరుగుతూనే ఉంటుంది.

మిగిలిన పని రాజ్యం చేసింది. ఆర్ల్ బిషప్పు హిలరీతో పోప్ లియోకు తగాదా వచ్చినప్పుడు, 445లో చక్రవర్తి మూడో వాలెంటీనియన్ ఆజ్ఞ జారీ చేశాడు. రోము పిలిస్తే రాని బిషప్పును ప్రభుత్వాధికారి బలవంతంగా పంపాలని. పేతురు పీఠానికి పోలీసు తోడైంది. 451లో కాల్సిడోన్ మహాసభ తన 28వ తీర్మానంలో, రాజధాని కాబట్టి కాన్‌స్టాంటినోపుల్‌కూ రోముతో సమానమైన గౌరవం ఉండాలన్నది. లియో ఒప్పుకోలేదు. ఆ బిషప్పులు తెలియకుండానే అసలు గుట్టు విప్పారు. గద్దె ఎత్తు రాజధాని ఎత్తును బట్టి ఉంటుందని.

విచిత్రమేమంటే, ఇష్టంలేని ప్రజలమీద బిషప్పును రుద్దకూడదని అదే అయిదో శతాబ్దంలో పోప్ సెలెస్టిన్ రాశాడు. అందరిమీదా ఉండవలసినవాణ్ణి అందరూ ఎన్నుకోవాలని లియో అన్నాడు. మాట అట్లాగే ఉంది, హక్కే జారిపోయింది. ప్రజల ఎన్నిక మొదట కేకలు వేసి ఆమోదించడంగా మిగిలింది. తర్వాత గురువుల చేతికి, రాజుల చేతికి పోయింది. 1059లో రెండో నికొలస్ పోప్ ఎన్నికను కార్డినళ్ళ చేతిలో పెట్టాడు. 1917 నాటి చర్చి చట్టం, బిషప్పులను పోప్ స్వేచ్ఛగా నియమిస్తాడని రాసిపెట్టింది. కరీంనగర్ ప్రాంతపు కథోలికులు వరంగల్ పీఠం కిందికి వస్తారు. ఆ పీఠానికి బిషప్పును ఇప్పటికీ రోమే నియమిస్తుంది.

దోర్నకల్, మెదక్, నంద్యాల

పోప్‌ను ఒప్పుకోని ప్రొటెస్టెంటు సంఘాల్లో ఈ తగాదా తీరిందా? మన తెలుగు నేలమీదనే దీనికి జవాబు ఉంది.

నిజాం రాజ్యంలోని దోర్నకల్‌కు 1912లో తిరునల్వేలి నుంచి వచ్చిన వి.ఎస్. అజరయ్య బిషప్పు అయ్యాడు. ఆ డిసెంబర్ 29న కలకత్తాలో అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ చర్చిలో మొదటి భారతీయ బిషప్పు ఆయనే. అంతకు రెండేళ్ళ ముందు ఎడింబరో మహాసభలో, మిషనరీలు భారతీయులకు దానాలూ త్యాగాలూ చేస్తున్నారు గాని వాళ్ళతో స్నేహం చేయడం లేదని తెల్లవాళ్ళ ముఖంమీదే చెప్పినవాడు. ఒక నల్లవాడి కింద పనిచేయాలా అని గునిసిన మిషనరీలు ఉన్నారు. ఆయన దాన్ని తట్టుకున్నాడు. ఆయన చివరి రోజులనాటికి దోర్నకల్ పీఠంలో రెండు లక్షలకు పైగా విశ్వాసులున్నారు. అత్యధికులు మాలలు, మాదిగలు.

ఇది గర్వపడవలసిన విషయమే. కాని సిప్రియన్ విషయంలో అడిగిన ప్రశ్నే ఇక్కడా అడగాలి. అజరయ్యను ఎన్నుకున్నదెవరు? ఆ మాల మాదిగ పల్లెలు కాదు. మద్రాసు బిషప్పు వైట్‌హెడ్ పూనుకున్నాడు, కలకత్తా ఆమోదించింది. గద్దెమీద మనిషి రంగు మారింది. గద్దె ఎక్కించే చెయ్యి మారలేదు.

మన పక్కనే మెదక్‌లో ఇంకో తీరు. 1880లలో సికిందరాబాదులో మొదలై కరీంనగర్ వైపు విస్తరించిన వెస్లియన్ మెథడిస్టు మిషనుకు బిషప్పులే లేరు. 1924లో పూర్తయిన మెదక్ చర్చి కట్టించిన పోస్నెట్ బిషప్పు కాదు. అయితే బిషప్పు లేనంతమాత్రాన స్వపరిపాలన ఉన్నట్టు కాదు. నిర్ణయాలు, నిధులు ఇంగ్లండు నుంచే వచ్చేవి.

1919 మేలో తరంగంబాడిలో 33 మంది కూడి, వేరు వేరు ప్రొటెస్టెంటు సంఘాలు ఒకటి కావాలని ప్రకటించారు. ఇద్దరు తప్ప అందరూ భారతీయులు. అజరయ్య ముందున్నాడు. తీర్మానం నుంచి ఐక్యతకు 28 ఏళ్ళు పట్టింది. ఎందుకు? బిషప్పు కోసం. అపొస్తలుల నుంచి తెగకుండా వచ్చిన పరంపరలో చేతులుంచి అభిషేకించిన బిషప్పు లేకపోతే అది చర్చే కాదని ఆంగ్లికన్లలో ఒక వర్గం పట్టుబట్టింది. బిషప్పు వస్తే పెత్తనం వస్తుందని మిగతావాళ్ళు భయపడ్డారు. మన ఆధునిక కవులు కొందరు గురువుగా తలచిన టి.ఎస్. ఎలియట్ ఈ తగాదాలో దిగి 1943లో 'రీయూనియన్ బై డిస్ట్రక్షన్' అనే కరపత్రం రాశాడు. దక్షిణ భారతంలో ఈ ఐక్యత అసలు చర్చినే ధ్వంసం చేస్తుందని ఆయన వాదన. మెదక్ పల్లెల్లోని మాదిగ క్రైస్తవుడు ఎట్లా కలవాలో లండన్‌లో కూర్చున్న కవి తీర్పు చెప్పడం సాహిత్య విద్యార్థులు గుర్తుంచుకోవలసిన విషయం.

1945 జనవరి 1న అజరయ్య చనిపోయాడు. 1947 సెప్టెంబర్ 27న, స్వాతంత్ర్యం వచ్చిన ఆరు వారాలకు, మద్రాసు సెయింట్ జార్జి కెథీడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘం, సి.ఎస్.ఐ., ఏర్పడింది. మెదక్‌కు మొదటిసారి బిషప్పు వచ్చాడు. ఇంగ్లీషులో 'మెదక్ యొక్క బిషప్పు' అనకుండా 'మెదక్‌లో బిషప్పు' అని రాసే సంప్రదాయం పెట్టుకున్నారు. విభక్తి ప్రత్యయం మార్చి, గద్దెకు యజమాని లేడని చెప్పే ప్రయత్నం అది. బిషప్పు ఎన్నికకు రెండంచెల పద్ధతి పెట్టారు. సంఘాల ప్రతినిధులున్న డయాసిస్ కౌన్సిలు ఓట్లు వేసి కొన్ని పేర్లు పంపుతుంది. వాటిలోంచి ఒకరిని సినడ్ నియమిస్తుంది. కార్తేజికీ రోముకూ మధ్య కుదిరిన రాజీ వంటిది ఇది.

నంద్యాల ప్రాంతంలో మాత్రం వేలాదిమంది ఆంగ్లికన్లు చేరమన్నారు. కలకత్తా కిందనే ఉంటామన్నారు. 1963లో వాళ్ళకు వేరే పీఠం ఏర్పడింది. 1975లో గాని సి.ఎస్.ఐ.లో కలవలేదు. వాళ్ళ విశ్వాసాన్ని నేను శంకించను. కాని ఇంకో నిజం కూడా పక్కన పెట్టి చూడాలి. ఆ ప్రాంతంలో పనిచేసిన లండన్ సంస్థ ఎస్.పి.జి., తన మామూలు నిధులనుంచి సి.ఎస్.ఐ.కి సహాయం ఆపేసింది. ఇష్టమున్న దాతలు ఇచ్చినది వేరే ఖాతాలో వేసి పంపింది. మాలపల్లెలో బడి పంతులూ ఉపదేశీ చాలాచోట్ల ఒకడే. అతని జీతం ఎక్కడినుంచి వస్తుందో అక్కడి మాటకు పల్లెలో బరువుంటుంది. నేను కూడా జీతం మీద బతికే పంతుల్నే కాబట్టి ఈ సంగతి నాకు గ్రంథాలు చెప్పనక్కరలేదు. 313 తర్వాత రోములో భూములు చేసిన పనిని 1947లో లండన్ ఖాతాపుస్తకం చేసిందని నా అభిప్రాయం.

దక్షిణ ఇండియా సంఘంలో ఓటు ఉన్నది గదా, అక్కడ అంతా బాగున్నదా అని అడగవచ్చు. సినడ్ ఎన్నికల తగాదాలు మద్రాసు హైకోర్టుకూ సుప్రీంకోర్టుకూ ఎక్కడం ఇటీవలి సంగతి. మిషనరీలు వదిలివెళ్ళిన స్థలాలు, బడులు, ఆసుపత్రులు ఊళ్ళ నడిబొడ్డున ఉన్నాయి. ఓటు ఉండీ లెక్క అడిగే హక్కు బలంగా లేకపోతే, ఓటు కూడా గద్దెకు మెట్టు అవుతుంది. 254లో స్పెయిన్ సంఘాలు ఎన్నుకోవడమొక్కటే చేయలేదు. దించాయి కూడా. ఎన్నుకునే హక్కు పండుగనాడు కనిపిస్తుంది. దించే హక్కు కష్టకాలంలో పనికొస్తుంది. పైవాళ్ళు మొదట లాక్కునేది రెండోదాన్నే.

'సంఘం' అనే మాట క్రైస్తవులదీ అవును, మనదీ అవును. మా జిల్లాలో రైతుకూలీ సంఘం, బీడీ కార్మికుల సంఘం, నేత కార్మికుల సంఘం, మన రచయితల సంఘం. జగిత్యాల మిత్రుడికి నా జవాబు ఇదే. మన సంఘాల్లో కార్యవర్గం ఎట్లా ఏర్పడుతున్నది? పైనుంచి వచ్చిన జాబితాను చప్పట్లతో ఆమోదించడం ఎప్పుడు మొదలైంది? తప్పుచేసిన కార్యదర్శిని కింది శాఖ దించితే, అతను పై కమిటీ దగ్గరికి పోయి గద్దె తెచ్చుకున్న సందర్భాలు మనకు తెలియవా? బసిలిడీస్ చచ్చి పదిహేడు వందల ఏళ్ళు దాటింది గాని, అతను నడిచిన బాట మీద ఇంకా గడ్డి మొలవలేదు.

ఆ అమ్మాయికి మళ్ళీ జవాబు చెప్పాను. "ఒక్కరోజు పోలేదమ్మా. ఆస్తి వచ్చినప్పుడు కొంత, రాజు తోడైనప్పుడు కొంత, దగ్గరి పెద్దమీద కోపంతో దూరపు పెద్దను నమ్ముకున్నప్పుడు కొంత పోయింది" అన్నాను. ఆమె కాసేపు ఆలోచించి, "అయితే మా నాయినను అడుగుత సార్, మా చర్చిల లెక్కలు ఎవరు చూస్తరో" అంది.

నా వ్యాసం కంటె ఆ పిల్ల ఒక అడుగు ముందున్నది.